చూడాల్సిన కట్టడాల లిస్టు, తినాల్సిన చోట్ల లిస్టు: రెండూ కలిపేయండి

పారిస్, వియన్నా, ఇస్తాంబుల్ మూడూ పన్నెండు రోజుల్లో చూడాలనుకుంటున్నానని, చూడాల్సిన కట్టడాలే నలభై దాటాయని, మంచి రెస్టారెంట్ల లిస్టు ఇంకొకటి విడిగా ఉందని, ఈ రెండూ రోజులో ఎలా ఇమడతాయో తెలియక టెన్షన్‌గా ఉందని రాశారు. ప్రయాణాల్లో మీకు బాగా గుర్తుండిపోయిన చోట్లు చెప్పండి అని కూడా అడిగారు. నేను భవనాల డిజైన్ పనిలో ఉన్నాను, ఇరవై ఏళ్లకు పైగా ఎక్కడికి వెళ్లినా కట్టడాల కోసమే వెళ్లాను. కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు అసలు మాట. రెండు లిస్టులు వద్దండి. ఏ కట్టడంలో కూర్చుని తినొచ్చో వాటిని ముందు పెట్టుకోండి, మిగతావి వాటి చుట్టూ సర్దుకోండి. పెద్ద చర్చిలు, ప్యాలెస్‌లు మనం నడుస్తూనే చూస్తాం. వెనక గుంపు వస్తుంటుంది, ముందు గైడ్ జెండా పట్టుకుని వెళ్లిపోతుంటాడు, ఎంత గొప్ప హాలైనా పావుగంటలో దాటేస్తాం. అదే రెస్టారెంట్ అయితే ఒకే గదిలో, ఒకే కుర్చీలో గంటసేపు ఉంటాం, లెమ్మని ఎవరూ అనరు. ఆ గంటలో కిటికీ వెలుగు గోడ మీద ఎలా జరుగుతుందో, మాటలు సీలింగ్‌కి తగిలి ఎలా వెనక్కి వస్తాయో, స్తంభం నీడ ఎక్కడ పడుతుందో అన్నీ మనకి తెలియకుండానే ఎక్కేస్తాయి. నేను చూసిన మ్యూజియాల్లో సగం ఇప్పుడు ఫోటో చూస్తే గానీ గుర్తు రావు. కూర్చుని తిన్న హాళ్లు మాత్రం కాగితం ఇస్తే గీసి చూపించగలను.

ఇది నాకు మొదట అర్థమైంది న్యూయార్క్‌లో. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ 1913లో తెరిచారు. అందరూ వెళ్లి పెద్ద హాల్లో నిలబడి పైకి చూస్తారు, ఆ నీలం సీలింగ్ మీద బంగారు రంగులో రాశులు, నక్షత్రాలు గీసి ఉంటాయి, ఆ ఆకాశం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుందని కూడా చెప్పుకుంటారు. చాలా బాగుంటుంది, చూడాల్సిందే. కానీ నన్ను కట్టిపడేసింది దాని కింది అంతస్తులో ఉన్న ఆయిస్టర్ బార్. అది కూడా స్టేషన్‌తో పాటే 1913లో మొదలైంది. లోపలికి వెళ్తే తక్కువ ఎత్తులో కమానులు, కమాను మీద కమాను, వాటి నిండా చేప ముల్లు ఆకారంలో పేర్చిన లేత రంగు టైల్స్. అందం కోసం అతికించినవేమో అనుకున్నాను నేను కూడా. కాదు, ఆ టైల్సే కప్పుని మోస్తున్నాయి.

ఆ పద్ధతి గురించి రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేను. రాఫాయెల్ గువాస్తావినో అనే ఆయన స్పెయిన్‌లో వాలెన్సియాలో పుట్టి, బార్సిలోనాలో పని చేసి, 1881లో అమెరికా వచ్చాడు. పలచటి టైల్స్‌ని పడుకోబెట్టి, మొదటి వరసని తొందరగా గట్టిపడే జిప్సమ్‌తో ఒకదానికొకటి అంటించి, దాని మీద సిమెంట్‌తో ఇంకో రెండు మూడు వరసలు, అతుకు మీద అతుకు రాకుండా వేసుకుంటూ పోతారు. కింద పెద్ద చెక్క సెంట్రింగ్ దాదాపుగా అక్కర్లేదు, అంతకుముందు వేసిన ముక్కే తర్వాతి ముక్కకి ఆధారం. పైగా మట్టి కాబట్టి నిప్పంటుకోదు. ఊళ్లకు ఊళ్లు తగలబడిన అనుభవం ఉన్న అప్పటి అమెరికా నగరాలకి అదే పెద్ద ఆకర్షణ. ఆయన 1908లో పోయాక కొడుకు అదే కంపెనీని నడిపించాడు, గ్రాండ్ సెంట్రల్ పని ఆ కొడుకు కాలంలోదే. ఎల్లిస్ ఐలాండ్‌లో వలస వచ్చినవాళ్లని నిలబెట్టిన పెద్ద హాలు కప్పు కూడా వాళ్లదే. ఇదంతా నేను అంతకుముందు చదివి ఉన్నదే, కానీ ఆ రోజు సూప్ తాగుతూ తలెత్తి గంటసేపు చూశాక గానీ అంత పలచటి కప్పు అంత బరువు ఎలా మోస్తుందో లోపల దిగలేదు. రెస్టారెంట్ బయట, అదే కమానుల కింద, నాలుగు మూలలున్న చిన్న కూడలి ఉంటుంది. ఎదురెదురు మూలల్లో ఇద్దరు గోడ వైపు తిరిగి నిలబడి, ఒకరు గుసగుసగా మాట్లాడితే రెండోవాళ్లకి చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది, మధ్యలో జనం నడుస్తున్నా సరే. మాట ఆ వంపు వెంటే పాకి అవతలికి దిగుతుంది. ఎప్పుడైనా వెళ్తే తోడుగా ఒకరిని తీసుకెళ్లండి.

లండన్ మీ రూట్లో లేదు, కానీ విమానం మారే దారిలో రోజు ఖాళీ దొరికితే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం కెఫేకి వెళ్లండి. మ్యూజియంలోనే రెస్టారెంట్ పెట్టడం ప్రపంచంలో ఇదే మొదటిది అంటారు. హెన్రీ కోల్ అనే ఆయన దాని మొదటి డైరెక్టర్, పనివాళ్లు కూడా సాయంత్రం పూట వచ్చి చూడాలని గ్యాస్ దీపాలు పెట్టించిన మనిషి, మరి అలా వచ్చినవాళ్లు ఏమైనా తినాలి కదా అని ఆలోచించాడు. మూడు గదులు, మూడూ వేరు వేరు చేతుల పని. మధ్య గది జేమ్స్ గాంబుల్‌ది, 1868లో తెరిచారు, స్తంభాలూ గోడలూ అన్నీ మెరిసే సెరామిక్, సీలింగ్ ఎనామిల్ పూసిన ఇనప రేకు. ఎందుకంత సెరామిక్ అంటే తుడిస్తే పోతుంది, మంట పట్టదు. తినే గదికి కావాల్సిన రెండు గుణాల నుంచే ఆ వైభవం అంతా పుట్టింది, నాకు అది ఎంత నచ్చిందో చెప్పలేను. పక్కన ఆకుపచ్చ గది ఇంగ్లీషు డిజైనర్ విలియం మోరిస్ కంపెనీ చేసింది, అప్పటికి ఆయన ఇంకా ముప్ఫైల్లో ఉన్నాడు. మూడో గదిలో ఎడ్వర్డ్ పాయింటర్ గీసిన నీలం టైల్స్, వాటికి రంగులు వేసింది అక్కడి ఆర్ట్ స్కూల్లో చదువుకుంటున్న అమ్మాయిలు. మ్యూజియం ప్రవేశం ఉచితం, ఒక్క టీ కొనుక్కుని మూడు గదుల్లో ఎక్కడైనా కూర్చోవచ్చు. నేనైతే టీ ఒక గదిలో, కేకు ఇంకో గదిలో తిన్నాను.

ఇక మీ పారిస్. గార్ ద లియోన్ స్టేషన్లో ల త్రెయిన్ బ్లూ అనే రెస్టారెంట్ ఉంది. 1900లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శన కోసం ఆ స్టేషన్ కట్టారు, రెస్టారెంట్‌ని 1901లో అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు ఎమిల్ లూబే ప్రారంభించాడు. ప్లాట్‌ఫాంల ముందున్న హాలు నుంచి మెట్లెక్కి పైకి వెళ్తారు, కింద సూట్‌కేసుల చక్రాల చప్పుడు, అనౌన్స్‌మెంట్లు, తలుపు తోసి లోపలికి అడుగుపెడితే బంగారు పూత, దీపాల గుత్తులు, 41 పెద్ద చిత్రాలు. ఆ చిత్రాలేంటో తెలుసుకుని వెళ్తేనే మజా. ఆ స్టేషన్ నుంచి బయల్దేరే రైళ్లు ఎక్కడెక్కడికి వెళ్లేవో ఆ ఊళ్లే అవి, మార్సెయ్, మొనాకో, మోఁ బ్లాఁ కొండ, ఇలా. రైలు కోసం ఎదురుచూస్తూ తినేవాడికి తను చేరబోయే సముద్రాన్ని సీలింగ్ మీద చూపించారన్నమాట. 1960ల్లో దీన్ని పడగొట్టాలన్న ఆలోచన వచ్చింది, అప్పటి సాంస్కృతిక మంత్రి ఆంద్రే మల్రో అడ్డుపడ్డాడు, 1972లో రక్షిత కట్టడం అయింది. భోజనం ఖరీదు ఎక్కువే. భోజనం పెట్టుకోకపోయినా పక్కన బార్ వైపు సోఫాల్లో ఒక కాఫీకి కూర్చోవచ్చు, సీలింగ్ అక్కడ కూడా బాగుంటుంది.

అదే పారిస్‌లో దీనికి పూర్తిగా ఎదురు కొసన ఉండేది బుయ్యోఁ షార్తియే, 1896 నాటిది, పనివాళ్లకి తక్కువ ధరలో వేడిగా కడుపునిండా పెట్టడానికి ఇద్దరు అన్నదమ్ములు మొదలుపెట్టింది. వీధిలోంచి లోపలి ప్రాంగణం దాటి వెళ్లాలి. ఎత్తయిన హాలు, పైన గాజు కప్పులోంచి వెలుగు, సీట్ల పైన రైలుపెట్టెలో సామాను పెట్టుకునే అరల్లాంటి ఇత్తడి కడ్డీలు, గోడకి నంబర్లు వేసిన చిన్న చిన్న చెక్క సొరుగులు. రోజూ వచ్చేవాళ్లు వాళ్ల నాప్కిన్ వాటిలో దాచుకుని వెళ్లేవాళ్లట. తెలియనివాళ్ల పక్కనే కూర్చోబెడతారు, వెయిటర్ బిల్లు టేబుల్ మీది కాగితం మీదే రాస్తాడు. వంట గొప్పగా ఉంటుందని చెప్పను, మామూలుగా ఉంటుంది. కానీ ఆ హాల్లో ఒకేసారి అంతమంది గరిటెల చప్పుడు మధ్య కూర్చుంటే ఆ ఊళ్లో పనివాళ్లు వందేళ్ల కిందట మధ్యాహ్నం ఎలా తినేవాళ్లో కళ్లకి కడుతుంది. రెండూ ఒకే రోజు చూడండి, ఒకచోట కాఫీ, ఒకచోట భోజనం.

ఇక్కడ నాకు జరిగిన రెండు పొరపాట్లు చెప్తాను, మీకు జరగకూడదని. ఒక పెద్ద నగరంలో చాలా ఎత్తయిన బిల్డింగ్ పై అంతస్తులో రాత్రి భోజనం నెలన్నర ముందే బుక్ చేశాను, డబ్బు ముందే కట్టించుకున్నారు. తీరా కూర్చున్నాక లోపలి దీపాలన్నీ అద్దంలో ప్రతిఫలించి బయట ఊరు కనిపించనే లేదు, రెండు గంటలు అద్దంలో నన్ను నేనే చూసుకున్నాను. ఎత్తు మీద నుంచి చూసే చోటుకి ఎప్పుడు వెళ్లినా సూర్యాస్తమయానికి ముప్పావుగంట ముందు వెళ్లండి, పగటి ఊరు, దీపాలు వెలిగే ఊరు రెండూ దొరుకుతాయి, చీకటి పూర్తిగా పడేసరికి లేచి రండి. రెండోది, ఒక పేరున్న పాత కెఫేలో గంటన్నర క్యూలో నిలబడితే తీసుకెళ్లి వెనక కొత్తగా కట్టిన గదిలో కూర్చోబెట్టారు, ఫోటోల్లో చూసిన హాలు బాత్రూమ్‌కి వెళ్తూ చూశాను. అప్పటి నుంచి బుక్ చేసేటప్పుడే పాత హాల్లోనే టేబుల్ కావాలని రాస్తాను. దొరకదంటే వేరే రోజు అడుగుతాను.

వియన్నాకి ఈ జాగ్రత్త బాగా పనికొస్తుంది, ఎందుకంటే కెఫే సెంట్రల్ ముందు క్యూ మామూలుగా ఉండదు. తెరిచే వేళకే వెళ్లిపోండి, పొద్దున్న వెలుగు కూడా బాగుంటుంది. హెర్రెన్‌గాసె వీధిలో ఆ భవనాన్ని హైన్‌రిష్ ఫెర్స్టెల్ బ్యాంకు కోసం, స్టాక్ ఎక్స్చేంజ్ కోసం కట్టాడు, 1860లో పూర్తయింది, 1876లో కెఫే మొదలైంది. లావుపాటి స్తంభాల మీద లేచి ఒకదానిలో ఒకటి కలిసిపోయే కమానుల కప్పు, చూస్తే రాతి అడవిలో కూర్చున్నట్టుంటుంది. రష్యా విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీ రోజూ వచ్చి చదరంగం ఆడుకున్న చోటు అది. కాఫీ చిన్న ట్రేలో, పక్కన నీళ్ల గ్లాసుతో వస్తుంది.

కాఫీ అయ్యాక అదే వీధి వెంట నాలుగైదు నిమిషాలు నడవండి, మిఖాయెలర్‌ప్లాట్జ్ వస్తుంది. ఒకవైపు హోఫ్‌బుర్గ్ రాజభవనం, గుమ్మటం, శిల్పాలు, సర్వ అలంకారాలు. ఎదురుగా అడాల్ఫ్ లోస్ 1909 నుంచి 1911 దాకా ఒక దర్జీ కంపెనీ కోసం కట్టిన భవనం. కింద భాగం మంచి పాలరాయి, పైన ఉత్త తెల్ల గోడ, ఉత్త కిటికీలు, చుట్టూ ఒక్క లత లేదు, పువ్వు లేదు. ఊరంతా గొడవ, కనుబొమ్మలు లేని ఇల్లు అని ఎగతాళి, మునిసిపాలిటీ పని ఆపించింది కూడా. చివరికి కిటికీలకి కంచు పూలకుండీలు పెట్టడానికి ఒప్పుకుంటే రాజీ కుదిరింది. ఇప్పుడు చూస్తే ఎందుకంత కోపం వచ్చిందో అర్థం కాదు, అర్థం కావాలంటే ముందు ఫెర్స్టెల్ హాల్లో గంట కూర్చుని రావాలి. ఆ అలంకారాలకి కళ్లు అలవాటు పడ్డాక ఈ గోడ ముందు నిలబడితే ఒక్కసారి గొంతు మూగబోయినట్టు ఉంటుంది. ఈ వరసలోనే చూడండి, తిప్పి చూస్తే ఆ దెబ్బ తగలదు. మీరు బుడాపెస్ట్ కూడా కలుపుదామా అని అడిగారు, ఆ ఊళ్లో న్యూయార్క్ కెఫే అనే పేరుతో ఉన్న 1894 నాటి హాలు కోసమైతే వద్దంటాను, హాలు నిజంగా గొప్పదే కానీ మీకున్న పన్నెండు రోజుల్లో ఇరుకైపోతుంది.

అన్నిట్లోకీ నాకు ఇష్టమైనది మాత్రం ఈ బంగారు హాళ్లలో ఏదీ కాదు. తిరువనంతపురంలో తంపానూర్ బస్టాండు పక్కన ఇండియన్ కాఫీ హౌస్. లారీ బేకర్ డిజైన్. ఆయన 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి, మన దేశం వచ్చి, కేరళలో స్థిరపడి, అనవసరమైన ఖర్చు లేకుండా కట్టడమే జీవితం చేసుకున్న ఆర్కిటెక్ట్. స్థలం చాలా చిన్నది, అక్కడ మామూలుగా అంతస్తులు వేస్తే మెట్లకే సగం పోతుంది. ఆయన మెట్లే లేకుండా చేశాడు. మొత్తం భవనం ఒక ఎర్రటి ఇటుక గొట్టం, లోపల ర్యాంప్ తిరుగుతూ తిరుగుతూ పైకి పోతుంది, ఆ ర్యాంపే హోటలు. బయటి గోడ వెంట సిమెంట్ బల్లలు, బెంచీలు గోడతో కలిపే కట్టేశారు. నేల వాలుగా ఉంటుంది, బల్ల మాత్రం సమంగా ఉంటుంది, కాఫీ ఒలకదు. మధ్యలో ఉన్న గొట్టంలో చేతులు కడుక్కునే చోటు, టాయిలెట్లు. గోడలో ఇటుకలు వదిలేసి పెట్టిన చిన్న చిన్న కంతల్లోంచి గాలి, గళ్లు గళ్లుగా ఎండ. ఏసీ లేదు, అవసరం రాలేదు. తెల్ల బట్టలు, కుచ్చు తలపాగా పెట్టుకున్న వెయిటర్లు చేతుల్లో ప్లేట్లు పట్టుకుని ఆ వాలు మీద రోజంతా ఎక్కి దిగుతుంటారు. అది వర్కర్ల సహకార సంఘం నడిపే హోటలు. 1950ల చివర్లో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులు మూసేస్తుంటే కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ ముందుండి ఉద్యోగుల చేతే సంఘాలు పెట్టించారు, ఈ కాఫీ హౌసులన్నీ అలా నిలబడ్డాయి. తక్కువ జాగా, తక్కువ డబ్బు, ఇటుక, సున్నం, సిమెంటు, దాంతో అంత గొప్ప గది. నేను మూడుసార్లు వెళ్లాను. ప్రతిసారీ పై చివరి దాకా నడిచి, అక్కడి నుంచి దిగుతూ ఖాళీ బల్ల వెతుక్కుంటాను, అలాగైతే భవనం మొత్తం ఒకసారి కాళ్లకి తెలుస్తుంది.

ఇలాంటివి ఎలా పట్టుకోవాలని మీరు తప్పకుండా అడుగుతారు. పాత రైల్వే స్టేషన్, పాత మార్కెట్, పాత బ్యాంకు, పాత థియేటర్, మ్యూజియం, ఈ ఐదింటి లోపల తినే చోటు ఉందేమో ముందు చూడండి, నూటికి ఎనభై పాళ్లు అక్కడే దొరుకుతాయి. రేటింగులు చూసి వెతక్కండి, ఆ నక్షత్రాలు వంటకి వేసినవి, గదికి కాదు. మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య వెళ్తే హాలు ఖాళీగా ఉంటుంది, వెయిటర్‌కి కూడా మాట్లాడే తీరిక ఉంటుంది, ఈ భవనం ఇంతకుముందు ఏంటండీ అని అడిగితే చాలు, చాలామంది సంతోషంగా చెప్తారు, ఒక్కోసారి లోపలి గదులు కూడా చూపిస్తారు. గోడకి వీపు ఆనించి హాలు వైపు తిరిగి కూర్చోండి. ఫోన్ మొదటి పావుగంట తీయకండి. ముందు నేల చూడండి, ఎక్కడ అరిగిందో అక్కడ జనం నడిచారు. తర్వాత గోడ సీలింగ్‌ని ఎక్కడ కలుస్తుందో ఆ అంచు చూడండి, కట్టినవాళ్ల చేతి పనితనం అంతా ఆ అంచులో బయటపడుతుంది.

ఇస్తాంబుల్ చివరికి ఉంచాను, మీ రూట్లో కూడా చివరే కాబట్టి. అక్కడ ఒక పూట ఎమినోన్యు పేటకి వదిలేయండి. రుస్తెమ్ పాషా మసీదు, ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ అల్లుడు, ప్రధానమంత్రి అయిన రుస్తెమ్ పాషా పేరు మీద ఆస్థాన ఆర్కిటెక్ట్ సినాన్ కట్టింది, 1560ల తొలి సంవత్సరాల నాటిది. పేట మధ్యలో ఎంత వెతికినా గుమ్మం కనిపించదు, ఎందుకంటే మసీదు కింద కొట్లు ఉన్నాయి, మసీదు ఆ కొట్ల నెత్తిన ఉంది, కొట్ల అద్దె మసీదు ఖర్చులకి. ఇరుకు మెట్లు ఎక్కి వెళ్తే గోడలన్నీ ఇజ్నిక్ అనే ఊళ్లో చేసిన టైల్స్, నీలం, దాని మధ్య చేత్తో తడిమితే కాస్త ఉబ్బెత్తుగా తగిలేలా ఉండే టమాటా ఎరుపు, ఆ ఎరుపు కొన్నాళ్లే బాగా కుదిరింది వాళ్లకి, ఇక్కడ అది మంచి దశలో ఉంది. నమాజు వేళల్లో చూడటానికి వచ్చేవాళ్లని రానివ్వరు, ముందే టైం చూసుకుని పొద్దున్నే వెళ్లండి.

అక్కడి నుంచి కొద్ది నిమిషాల నడకలో మసాలా బజారు, 1660లలో పక్కనున్న కొత్త మసీదు కోసం కట్టింది, దీని అద్దెలూ ఆ మసీదుకే. బజారు గుమ్మం దగ్గరే పక్కన మెట్లు ఉంటాయి, ఎక్కితే పాందెలి రెస్టారెంట్. 1901లో మొదలుపెట్టిన పాందెలి గ్రీకు కుటుంబం మనిషి, 1955 సెప్టెంబర్ అల్లర్లలో కొట్టు ధ్వంసమైపోతే ఆ తర్వాత ఇక్కడికి, బజారు పైకి వచ్చాడు. గోడలన్నీ పచ్చ నీలం టైల్స్, పైన చిన్న గుమ్మటాలు, కిందనుంచి మసాలా వాసనతో పాటు బేరాల గొంతులు సన్నగా పైకి వస్తుంటాయి. మధ్యాహ్న భోజనం అక్కడ పెట్టుకోండి, కిటికీ పక్క టేబుల్ అడగండి. పొద్దున్న చూసిన మసీదు టైల్స్ కళ్లలో ఇంకా ఉండగానే ఈ గోడల మధ్య కూర్చుంటారు. ఫోన్‌లో ఫోటో తీసి పక్కపక్కన పెట్టి పోల్చి చూడండి, ఆ ఎరుపు ఇక్కడ ఉందో లేదో నాకు రాయండి.